కాకినాడ నుంచి బందరు ఒక్కరోజులో బస్సుల మీద, మధ్యలో పంటు ఎక్కి గోదారి దాటి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కాకినాడ నుంచి మచిలీపట్నం సొంత బండి లేకుండా వెళ్ళాలి, వెంట 67 ఏళ్ళ అమ్మగారు ఉంటారు, ఆవిడ చిన్నప్పుడు నరసాపురం రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే తెప్ప) ఎక్కి గోదారి దాటి అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవారు కాబట్టి ఇంకొక్కసారి ఆ రేవు దాటించాలని మీ కోరిక. ఇదంతా ఒక్కరోజులో అవుతుందా, ఆవిడ మోకాళ్ళకి ఇబ్బంది కాదా అని.

అవుతుందండి, హాయిగా అవుతుంది. కాకినాడ కాంప్లెక్స్‌లో పొద్దున్న 6 గంటలకల్లా అమలాపురం బస్సు ఎక్కండి, అమలాపురంలో మారి రాజోలు, అక్కణ్ణుంచి మలికిపురం మీదుగా సఖినేటిపల్లి, రేవులో పంటు, అవతల నరసాపురం, నరసాపురంలో బందరు బస్సు. రోడ్డు మొత్తం కలిపి 190 కిలోమీటర్లకి అటూ ఇటూ. బస్సుల కోసం ఆగడాలు, పంటు దగ్గర ఆగడం, మధ్యాహ్నం భోజనం అన్నీ కలుపుకుని సాయంత్రం 4, 5 గంటలకి బందర్లో ఉంటారు. ఒకే ఒక్క షరతు, సఖినేటిపల్లి రేవుకి మధ్యాహ్నం 12 లోపు చేరాలి. ఎందుకో కింద చెప్తా, అసలు నేను ఇంత పెద్ద జవాబు రాస్తున్నదే ఆ ఒక్క ముక్క కోసం.

నేను ఆక్వా (చేపలు, రొయ్యల చెరువుల) మందుల సేల్స్‌లో 16 ఏళ్ళు పనిచేశాను, తాళ్ళరేవు దగ్గర్నుంచి కృత్తివెన్ను దాకా చెరువులన్నీ నా ఏరియానే, బండి మీద కన్నా బస్సుల్లో తిరిగిందే ఎక్కువ. ఈ పంటు నెలకి రెండు మూడు సార్లైనా ఎక్కేవాణ్ణి. కాబట్టి బస్సు టైములు నేను రాసినా రేపు మారొచ్చు గానీ నది సంగతి మాత్రం మారదు, అది గట్టిగా చెప్పగలను.

ముందు దారి చెప్తాను. కాకినాడ నుంచి అమలాపురం సుమారు 65 కిలోమీటర్లు, రెండు గంటలు. తాళ్ళరేవు, కోరంగి మీదుగా యానాం వస్తుంది, అక్కడ కాసేపు మీరు ఆంధ్రాలో ఉండరు, పుదుచ్చేరిలో ఉంటారు. కోరంగి దగ్గర ఎడమ పక్కన మడ అడవులు, బస్సులోంచి పెద్దగా కనపడవు గానీ ఆ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అని, 1839 ఉప్పెన తర్వాత మళ్ళీ కోలుకోలేదని అమ్మగారికి చెప్పండి, పెద్దవాళ్ళకి ఇలాంటివి ఇష్టంగా ఉంటాయి. యానాం దాటగానే గౌతమి మీద ఎదుర్లంక వంతెన. 2002లో ఈ వంతెన వచ్చేదాకా ఇక్కడ కూడా పంటే, బాలయోగి గారి పేరు పెట్టారు దీనికి. అమలాపురం దాటాక బోడసకుర్రు – పాశర్లపూడి వంతెన, అది వైనతేయ. అంటే ధవళేశ్వరం దిగువన చీలిన గోదారి పాయలు మూడూ ఈ ఒక్క ప్రయాణంలో దాటతారు, గౌతమి, వైనతేయ వంతెనల మీద, వశిష్ఠ మాత్రం నీళ్ళ మీద. మీ అమ్మగారి చిన్నతనంలో మూడూ నీళ్ళ మీదే దాటి ఉంటారు.

అమలాపురం బస్టాండులో దిగి టిఫిను, బాత్రూము పనులు అక్కడే ముగించేయండి. ఇది చిన్న విషయం కాదు, పెద్దావిడతో వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నా, అమలాపురం తర్వాత మళ్ళీ కాస్త వసతిగా ఉండేది నరసాపురం బస్టాండే, రేవు దగ్గర ఏమీ ఆశించొద్దు. అమలాపురం నుంచి రాజోలు 30 కిలోమీటర్లు ఉంటుంది, గంట పడుతుంది. నేరుగా సఖినేటిపల్లి గానీ అంతర్వేది గానీ వెళ్ళే బస్సు దొరికితే రాజోల్లో దిగక్కర్లేదు, అదే మంచిది. లేకపోతే రాజోల్లో మారండి, అక్కణ్ణుంచి సఖినేటిపల్లికి బస్సు కోసం చూస్తూ కూర్చోకండి, షేర్ ఆటోలు మలికిపురం దాకా, మళ్ళీ అక్కణ్ణుంచి రేవు దాకా తిరుగుతూనే ఉంటాయి. ఈ ముక్క 12, 13 కిలోమీటర్లే అయినా నా లెక్కలో అందం అంతా ఇక్కడే ఉంది, రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి తోటలు, కాలవ పక్కనే కాలవ.

ఇప్పుడు పంటు. తెలియనివాళ్ళ కోసం, పంటు అంటే రెండు పడవలని జత చేసి మీద బల్ల పరిచి ఇంజను బిగించిన తెప్ప లాంటిది. మనుషులు, సైకిళ్ళు, బైకులు, ఆటోలు, కార్లు అన్నీ దాని మీదే. నరసాపురం పక్క ఆగే చోటుని మాధవాయిపాలెం రేవు అంటారు, ఒకప్పుడు అక్కణ్ణుంచి సీమకి (ఇంగ్లండుకి) ఎగుమతైన బట్టకి ఆ ఊరి పేరే పెట్టి మడపోలం అనేవాళ్ళు. రేవుని ఏటా వేలం పాట పెడతారు, పాడుకున్నవాళ్ళు టికెట్లు వసూలు చేస్తారు. రేట్ల బోర్డు రేవులోనే ఉంటుంది, మనిషికి పెద్ద ఖర్చేం కాదు, కానీ చిల్లర నోట్లు పెట్టుకెళ్ళండి, అయిదొందల నోటు ఇస్తే అక్కడ అందరూ మీకోసం ఆగాలి. దాటడానికి 10, 15 నిమిషాలు చాలు, కానీ పంటు నిండేదాకా కదలదు, కాబట్టి మీరు వెళ్ళే టైముని బట్టి ఇంకో పావుగంటో అరగంటో వేసుకోండి.

మరి 12 లోపు ఎందుకంటున్నానంటే, పంటు బస్సు లాంటిది కాదండి. బస్సు లేటైతే ఇంకో బస్సు వస్తుంది, నది వద్దంటే ఆ రోజుకి వద్దనే. పంటు ఆగిపోతే మీకున్న ఇంకో దారి వెనక్కి రాజోలు వచ్చి దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరడం, అది 30 కిలోమీటర్ల పైనే చుట్టు, రెండు మూడు బళ్ళు మారాలి, రెండు గంటలు పోతుంది. 12కి రేవులో ఉండి ఈ చుట్టు తిరిగినా నరసాపురం 2, 2:30కి చేరి వెలుతురులోనే బందరు వెళ్ళిపోతారు. సాయంత్రం 5కి రేవుకి వెళ్ళి పంటు లేదంటే ఆవిణ్ణి పట్టుకుని చీకట్లో ఆటోలు వెతుక్కోవాలి. నాకు అలా జరిగింది, నాకైతే ఒంటరి మగాణ్ణి కాబట్టి సరిపోయింది.

పంటు ఎందుకు ఆగుతుందో నేను చూసిన కారణాలు చెప్తాను.

వరద. జూలై నుంచి సెప్టెంబరు దాకా. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మీరు బయల్దేరే ముందు రోజు టీవీలో ధవళేశ్వరం మాట వినపడిందంటే, మొదటి హెచ్చరిక అయినా సరే, పంటు ప్లాను ఆపేసుకోండి. ఇంకా హెచ్చరిక రాకముందే నీళ్ళు ఎర్రబడి వడి పెరిగినప్పుడు కూడా రేవులో ఆపేస్తారు, అది మంచికే. 2022 జూలైలో అయితే 25 లక్షలు దాటింది, ఆ నెల నేను ఈ వైపు టూరే వేసుకోలేదు, లంకల్లో నాకు తెలిసిన రైతులు చెరువులు వదిలేసి గట్ల మీద కూర్చున్నారు.

పాటు, అంటే సముద్రం నీరు వెనక్కి తీయడం. ఇది బయటివాళ్ళకి తెలీదు. రేవు సముద్రానికి దగ్గర, అంతర్వేది దగ్గరే వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది, కాబట్టి పోటూ పాటూ రెండూ ఇక్కడ తెలుస్తాయి. పాటు తీసినప్పుడు ఒడ్డు పక్క నీరు తగ్గి ఇసక మేట పైకొస్తుంది, పంటు ఒడ్డుకి ఆనలేక ఆగుతుంది. ఒకసారి ఎండాకాలం నరసాపురం ఇంకో యాభై గజాలుందనగా మా పంటు మేటెక్కింది, పంటు నడిపే సరంగు ఎంత తిప్పినా కదల్లేదు, ముప్పావుగంట నడినెత్తిన ఎండలో నిలబడ్డాం, పోటు తగిలాక దానంతటదే లేచింది. మా పక్కన ఒక బాలింత ఉంది, గొడుగు లేదు, చివరికి ఒకాయన లుంగీ పరిచి నీడ పట్టారు. అప్పట్నుంచి గొడుగు, నీళ్ళ సీసా లేకుండా పంటు ఎక్కలేదు నేను. అమావాస్య, పౌర్ణమి ముందూ వెనకా రెండు మూడు రోజులు పోటు పెద్దది, పాటు కూడా పెద్దదే, ఆ రోజులు తప్పించుకోగలిగితే తప్పించుకోండి. పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి నిన్న ఎవరో 11కి సాఫీగా దాటామన్నారని మీరు అదే లెక్క వేసుకోకూడదు.

మంచు. డిసెంబరు, జనవరిలో పొద్దున్న 8 దాకా ఒక్కోసారి అవతలి ఒడ్డు కనపడదు, తీయరు. మీరు చేరేది 10, 11కి కాబట్టి మీకు ఈ బాధ లేదు.

తీర్థం. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి, తర్వాతి రోజు భీష్మ ఏకాదశికి రథం. ఆ రెండు మూడు రోజులు పశ్చిమ గోదావరి నుంచి జనం అంతా ఈ పంటు మీదే వస్తారు. నేను తెలియక ఒక ఏడాది రథం రోజు వెళ్ళి రేవులో మూడు గంటలు నిలబడ్డాను. ఆ కోలాహలం చూడాలంటే బాగానే ఉంటుంది, కానీ మీ అమ్మగారితో ఆ రోజుల్లో వద్దు, దయచేసి వద్దు.

మరి మోకాళ్ళ సంగతి. ఎక్కడానికి మెట్లేం ఉండవు, బళ్ళు ఎక్కే రేకు వాలు మీదుగానే మనుషులూ ఎక్కాలి. అది తడిగా, ఒక్కోసారి బురదగా ఉంటుంది. నేను మా అత్తయ్యని తీసుకెళ్ళినప్పుడు చేసింది చెప్తాను: ముందు బైకులు, ఆటోలు ఎక్కేదాకా పక్కన ఆగాం, వాళ్ళ తోపులాట అయ్యాక చెయ్యి పట్టుకుని నిదానంగా ఎక్కించాను, రేవులో పనిచేసే కుర్రాళ్ళకి చెప్తే వాళ్ళే ఇంకో చెయ్యి పట్టుకున్నారు. దిగేటప్పుడు కూడా బళ్ళన్నీ దిగాకే దిగండి. కాళ్ళకి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయండి, హవాయి చెప్పులు రేకు మీద జారతాయి. కూర్చోడానికి పక్కన బల్ల దొరికితే సరే, లేకపోతే చిన్న ప్లాస్టిక్ స్టూలు ఒకటి తీసుకెళ్ళినా తప్పులేదు.

ఇంకొకటి, దీని గురించి నేను ఎవరికైనా గట్టిగానే చెప్తాను. పంటు మీద ఆటోలో గానీ కార్లో గానీ కూర్చుని ఉండొద్దు. ఎండగా ఉందని చాలామంది పెద్దవాళ్ళని బండిలోనే కూర్చోబెడతారు. హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టని ఆటో ఒకటి ఒడ్డుకి తగిలిన కుదుపుకి నా కళ్ళముందే పంటు అంచున కట్టిన గొలుసు దాకా దొర్లింది, లోపల ఇద్దరు ఆడవాళ్ళు. నలుగురం పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. దిగి నిలబడాలి, అంచుకి కాకుండా మధ్యలో, గొలుసుకి దూరంగా. లైఫ్ జాకెట్టు అడగండి, సిగ్గుపడొద్దు, ఇక్కడి జనం వేసుకోరు కదా అని మీరూ మానేయొద్దు. 2019 సెప్టెంబరు 15న పైన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఎంతమంది పోయారో మనందరికీ గుర్తుంది, అది వేరే రకం బోటు, వేరే చోటు, వరద గోదారి, అయినా నీళ్ళు నీళ్ళే. పంటు మరీ కిక్కిరిసి కనపడితే ఆ ట్రిప్పు వదిలేసి తర్వాతది ఎక్కండి.

నరసాపురంలో దిగాక రేవు నుంచి బస్టాండుకి షేర్ ఆటో ఉంటుంది. భోజనం ఇక్కడే చేసేయండి. టైము ఉంటే, ఆవిడ అడిగితే, వలంధర రేవు దాకా తీసుకెళ్ళండి, హాలండు వాళ్ళు ఇక్కడ వ్యాపారం చేసిన రోజుల గుర్తు ఆ పేరు, హాలండరు కాస్తా మనవాళ్ళ నోట్లో వలంధర అయింది. వరద సీజను చివర్లో వెళ్తే పులస దొరుకుతుందేమో అడుగుతారు చాలామంది, దొరుకుతుంది, ధర మాత్రం అడిగి కూర్చోండి.

నరసాపురం నుంచి బందరు సుమారు 75, 80 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. మొగల్తూరు దాటాక లోసరి దగ్గర ఉప్పుటేరు మీద వంతెన వస్తుంది, కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోయేది ఈ ఏట్లోంచే. అది దాటితే కృష్ణా జిల్లా. తర్వాత కృత్తివెన్ను, పెడన, బందరు. దారంతా చేపలు, రొయ్యల చెరువులే, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి, నాకైతే అది అన్నం పెట్టిన దారి గానీ మీకు ఒక గంట తర్వాత బోరు కొట్టొచ్చు, అమ్మగారు నిద్రపోతారు, పోనివ్వండి. పెడనలో కలంకారీ అద్దకం చూడాలంటే ఆగొచ్చు, కానీ ఒక్కరోజు ప్లానులో ఇది పెట్టకండి, మర్నాడు బందరు నుంచి వెళ్ళి రండి, పక్కనే. బందరు లడ్డూ ఎటూ కొంటారు కదా, అప్పుడే కొనుక్కోవచ్చు.

నరసాపురంలో రైలు ఎక్కొచ్చు కదా అని మీ రెండో ప్రశ్న. రైలుంది, భీమవరం మీదుగా గుడివాడ వెళ్ళి అక్కడ మచిలీపట్నం బండి మారాలి. రెండూ టైముకి కలిస్తే సుఖమే, కలవకపోతే గుడివాడ ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. నా అనుభవంలో కలిసింది తక్కువ. బస్సే మేలు. తిరుగు ప్రయాణానికి మాత్రం రైలు చూసుకోండి, మచిలీపట్నం – విశాఖ ఎక్స్‌ప్రెస్ సామర్లకోటలో ఆగుతుంది, అక్కణ్ణుంచి కాకినాడ ఎంతో దూరం లేదు. ఆవిడ పడుకుని రావొచ్చు. టైము యాప్‌లో చూసి, సామర్లకోట అర్ధరాత్రి చేరేటట్టుంటే ముందే ఎవరినైనా రమ్మని చెప్పుకోండి.

కోటిపల్లి మీదుగా వెళ్తే రెండు పంట్లు ఎక్కొచ్చు కదా అని కింద ఇంకొకాయన అడిగారు. నిజమే, కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి, పంటు మీద గౌతమి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురం దగ్గరే. ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి, కోటిపల్లిలో సోమేశ్వరుణ్ణి చూసుకుంటూ వెళ్ళొచ్చు. నాకు ఆ దారంటే ప్రాణం. కోటిపల్లికి 1928లోనే రైలు కూడా వచ్చింది, యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, 2004లో మళ్ళీ వేశారు, అక్కణ్ణుంచి నరసాపురం దాకా మూడు పాయల మీదా రైలు వంతెనలు కడుతున్నారు. కానీ ఒక్కరోజులో రెండు రేవులు పెట్టుకుంటే రెండు చోట్ల ఆగిపోయే అవకాశం, పైగా ఎండాకాలం కోటిపల్లి దగ్గర నీరు వెనక్కి పోయి ఇసకలో చాలా నడవాలి, 67 ఏళ్ళావిడతో అది కుదరదు. అలా వెళ్ళాలంటే రాత్రి అమలాపురంలోనో దిండిలోనో ఆగి రెండ్రోజుల ప్రయాణం చేసుకోండి. కార్తీక సోమవారాలు, శివరాత్రి మాత్రం కోటిపల్లి వైపు వద్దు, రేవు నిండా జనమే.

టికెట్ల సంగతి ఒకటి మర్చిపోయాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం, కాబట్టి అమ్మగారి ఆధార్ దగ్గర పెట్టుకోండి. మీరు హైదరాబాద్‌లో ఉంటున్నానన్నారు, ఆవిడ ఆధార్ కూడా తెలంగాణ అడ్రసుకి మార్చి ఉంటే వర్తించదు, ఆంధ్రా అడ్రసు ఉండాలి. మీరిచ్చిన వివరాల ప్రకారం ఆవిడ కాకినాడలోనే ఉంటున్నారు కాబట్టి ఇబ్బంది ఉండకూడదు. యానాం మీదుగా వెళ్ళే బస్సు ఎక్కేముందు కండక్టరుని ఒక మాట అడగండి. పంటుకి ఇది లేదు, అందరూ టికెట్ కొనాల్సిందే.

ఏ నెలలో వెళ్ళమంటారు అన్నారు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, అంతర్వేది తీర్థం రోజులు వదిలేసి. అక్టోబరు, నవంబరు మొదట్లో మన తీరానికి తుఫాన్ల కాలం, వాయుగుండం అన్న మాట వినపడితే ఆ వారం వదిలేయండి. తారీఖు అనుకున్నాక ఇక్కడే రాయండి, తిథి చూసి పోటు పాటు లెక్క నేను వేసి చెప్తాను.

పంటు మీద ఎడమ చేతి పక్కకి నిలబెట్టండి అమ్మగారిని, సఖినేటిపల్లి నుంచి వెళ్తుంటే సముద్రం అటు వైపే, గాలి అటునుంచే వస్తుంది.